మామ్మ శోకం, మావయ్య మౌత్ ఆర్గాన్

మొన్న దసరా సెలవులకి మా మనవరాలు స్నేహ అమలాపురం నుంచి వచ్చి నాలుగు రోజులుంది. వచ్చిన దగ్గర్నుంచీ మేడమీద గదిలో తలుపేసుకుని ఏదో కీచుకీచుమనిపిస్తూంటే, ఎలక దూరిందేమోనని కర్ర పట్టుకుని వెళ్ళాను. చూద్దును కదా, మంచం మీద ఫోను నిలబెట్టుకుని, దాన్లో టోపీ పెట్టుకున్న దొర ఎవరో చెబుతూంటే ఈవిడ మౌత్ ఆర్గాన్ వాయిస్తోంది. పది రంధ్రాలది. బ్లూస్ నేర్చుకుంటోందిట. గిటారూ డ్రమ్సూ కూడా ఫోన్లోంచే వస్తాయిట, వాటి వెంట మనం వాయించుకుంటూ పోవడమేనట. కాసేపు గుమ్మంలో నిలబడి విన్నాను. ఇక ఉండబట్టక, "అది కాదే, రెండో రంధ్రం ఊదకు, పీల్చు. నాలిక కొంచెం వెనక్కి లాక్కుని మరీ పీల్చు," అన్నాను. అది నన్ను ఎగాదిగా చూసి, "అమ్మమ్మా! నువ్వు ఏ ఛానెల్లో నేర్చుకున్నావు?" అంది. ముప్ఫై నాలుగేళ్ళు సైన్సు పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని, నన్ను పట్టుకుని ఏ ఛానెలని అడుగుతుందా! వేలెడంత లేవు, వెటకారం ఒకటి, అని కసురుకుని కిందికి వచ్చేశాను. వచ్చానే గానీ ఆ పూట పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను.

మాది రాజోలు దగ్గర కాలవగట్టు ఊరు. మా నాన్నగారు ఆ ఊరి ఎలిమెంటరీ స్కూలు హెడ్మాస్టరు, చర్చిలో సంఘ పెద్ద. తెల్లారేసరికి ఇంటిల్లిపాదీ చాపమీద కూర్చుని ప్రార్థన చెయ్యాలి. ఆవలించినవాళ్ళు మళ్ళీ మొదట్నుంచి చెయ్యాలి. ప్రార్థన అయ్యాక ఆయన ఇస్త్రీపెట్టెలో కొబ్బరిచిప్పల నిప్పులు పోసుకుని, గంజి పెట్టిన తెల్లచొక్కా తనే ఇస్త్రీ చేసుకునేవారు. ఆ పని అమ్మ చేతికి కూడా ఇచ్చేవారు కాదు. చిప్పల పొగా, కాగిన గంజి వాసనా, పెరటి పొయ్యి మీద మాడీ మాడకుండా ఉన్న మినపరొట్టె వాసనా కలిసి ఇల్లంతా తిరుగుతూండేవి. ఇప్పటికీ ఎక్కడైనా గంజిబట్ట వాసన తగిలితే నాకు ముందు భయం వేస్తుంది, తరవాత ఆకలి వేస్తుంది. "చొక్కాకి ఇంత సేవేంటండీ" అని అమ్మ నవ్వితే, "మా నాన్న ఒంటిమీద చొక్కా చూడలేదు నేను," అనేవారు. ఇక అమ్మ వెళ్ళి పొయ్యి మీది రొట్టె తిరగేసుకునేది.

మా తాత పెద్దరైతుల ఇంట పాలేరు. ఆ ఇళ్ళలో ఎవరు పోయినా ఆయన డప్పు పట్టుకుని వీధిలో నిలబడి వాయించాలి. మా మామ్మ, అంటే నాన్నగారి అమ్మ, మిగతా ఆడవాళ్ళతో గుమ్మం బయట మట్టిలో కూర్చుని శోకాలు పెట్టాలి. శోకమంటే ఉత్త ఏడుపు కాదు. పోయిన మనిషి మంచీ చెడ్డా పాటలా అల్లుకుంటూ ఏడవడం. అందులో మా మామ్మని మించినవాళ్ళు చుట్టుపక్కల లేరట. పొద్దుగూకేవేళకి చెంగులో ఇంత ధాన్యం పోసి పంపేవారు. ఆ గింజలు తిని మా నాన్నగారు చదువుకున్నారు. ఉద్యోగం వచ్చిన రోజునే ఇంట్లో రెండు చట్టాలు చేశారు. ఈ ఇంటివాళ్ళు ఎవరి చావుకీ వాయించకూడదు. ఈ ఇంట్లో ఎవరికోసమూ శోకం పెట్టకూడదు. "పునరుత్థానాన్ని నమ్మినవాళ్ళం, వీధికెక్కి ఏడుస్తామా?" అనేవారు. పైకి చెప్పిన కారణం అది. లోపలి కారణం మాకందరికీ తెలుసు, ఎవరం అనేవాళ్ళం కాదు.

ఇలాంటి ఇంట్లోకి వచ్చిపడ్డాడు మా అమ్మ తమ్ముడు, జోనా మావయ్య. పదకొండేళ్ళు ఓడల్లో వంటవాడిగా తిరిగి వచ్చాడు. అందరూ రేడియోలూ సెంటుసీసాలూ తెచ్చుకుంటే, ఈయన ఒక గిటారూ, అరచేతిలో ఇమిడిపోయే మౌత్ ఆర్గానూ తెచ్చుకున్నాడు. ఏదో దూరదేశపు రేవులో ఓడ చెడిపోయి రెండు నెలలు ఆగిపోతే, అక్కడి నల్ల ముసలాయన ఒకడు ఈయన వండిన పీతలపులుసు రుచి మరిగి, బదులుగా ఈ విద్య నేర్పాడట. "ఆళ్ళూ మనలాగే పరాయి చేలల్లో నడుం వంచినోళ్ళేనమ్మా. పొలంలో పాడుకున్న పాటలే ఇవి. దిగులుగా ఉందని పైకి చెప్పుకుంటే కొంచెం తేలికపడతాం చూడు, అదే బ్లూస్ అంటే," అనేవాడు. మా ఊరికి వచ్చిన ఏడాదికి, గోదావరి దాటించే పంటు దిగుతూ సైకిలుతో సహా బోర్లాపడి ముందుపళ్ళు రెండు పోగొట్టుకున్నాడు. ఆ సందులోంచి గాలి తుస్సుమని పోతూంటే మౌత్ ఆర్గాన్ ఇక పలకదు. వారం రోజులు ముఖం వేలాడేసుకుని తిరిగి, ఒకనాడు దాన్ని పంచెతో తుడిచి నా చేతిలో పెట్టాడు. నేనప్పుడు డిగ్రీ మొదటి ఏడు. నాన్నగారు కళ్ళజోడులోంచి చూసి, "పిల్లల బొమ్మే కదా, ఊదుకోనీ," అన్నారు.

మావయ్య ఊళ్ళో మరో ఇద్దరిని పోగేసి పెట్టిన బ్యాండు శనివారం మధ్యాహ్నాలు కొబ్బరిపీచు తీసే షెడ్డులో సాధన చేసేది. షెడ్డు సత్తిబాబుది. ఆయనే డ్రమ్ములు కొట్టేవాడు. మిషను ఆపిన తరవాత కూడా గాల్లో పీచుదుమ్ము ఎగురుతూనే ఉండేది. కాలవలో నానేసిన కొబ్బరిడొక్కల కంపుకి మొదట్లో ముక్కు మూసుకున్నా, నెల తిరిగేసరికి ఆ కంపు లేకపోతే వాయించబుద్ధయ్యేది కాదు. బేసు గిటారు పేతురుగారు, పోస్టాఫీసు గుమాస్తా, వారానికి ఒక్క మాట మాట్లాడేవారు. మావయ్య గిటారు వాయిస్తూ పాడేవాడు. నేను నాలుగో మనిషిని. అప్పటికి ఆరేళ్ళుగా చర్చిలో హార్మోనియం వాయిస్తున్న దాన్ని కదా, నాకు రానిదేముందిలే అని బోలెడు పొగరుతో వెళ్ళాను.

మొదటి రోజే పేచీ పెట్టుకున్నాను. మౌత్ ఆర్గాన్ మీద సి అని చెక్కి ఉంది. మావయ్య గిటారు జి లో పట్టాడు. "శ్రుతి తప్పు మావయ్యా," అన్నాను. "తప్పు కాదమ్మా, బ్లూసుకి అలాగే ఉంటాది. సి లో పట్టేవనుకో, ఎంతసేపూ ఊదడమే. జి లో పట్టేవా, పీల్చాలి. ఇది ఊదితే నవ్వుతాది, పీలిస్తే ఏడుస్తాది. మనకి ఏడిచేదే కావాలి," అన్నాడు. నేను వినలేదు. మూడు వారాలు మొండికేసి సి లోనే వాయించాను. ముగ్గురూ నా మొహం చూసి నవ్వుకునేవారు. ఆఖరికి ఎవరూ లేనప్పుడు పీల్చి చూశాను. పీలుస్తూ నాలిక వెనక్కి లాగితే స్వరం కిందికి జారాలి. నాకు జారడానికి మూడు నెలలు పట్టింది. పెదవులు పగిలి కొబ్బరినూనె రాసుకుని పడుకునేదాన్ని. ఒకసారి మినపరొట్టె తిని నోరు కడుక్కోకుండా వాయిస్తే, రొట్టె తునక ఇరుక్కుని అయిదో రంధ్రం మూగబోయింది. మావయ్య అరగంట చీపురుపుల్లతో తవ్వి తీసి, "దీనికి కూడా టిఫిను పెట్టేవా తల్లీ," అన్నాడు. మైకు ముందు మౌత్ ఆర్గాన్ వెనక కొబ్బరిచిప్ప అడ్డం పెట్టి, మూస్తూ తెరుస్తూ వాయించడం కూడా ఆయనే కనిపెట్టాడు. చిప్ప మూస్తే గొంతు పూడుకుపోయినట్టుండేది, తెరిస్తే వెక్కినట్టుండేది.

స్వరం జారడం వచ్చాక అసలు గొడవ మొదలైంది. నేను ఆగేదాన్ని కాదు. మావయ్య పాడుతున్నా వాయించేదాన్ని, ఆపినా వాయించేదాన్ని. చర్చిలో పాట మధ్యలో హార్మోనియం ఆగిందంటే, పాపం ఈ పిల్లకి పాట రాదు అనుకుంటారు. ఆరేళ్ళూ ఆ భయంతోనే వాయించాను. ఒకరోజు సత్తిబాబు కొట్టడం ఆపేసి, కర్రలు ఒళ్ళో పెట్టుకుని, చేతులు జోడించాడు. "అమ్మాయిగారూ, తమరు దయుంచి మాక్కూడా కాస్త మిగల్చండి. మేమూ అన్నం తినే వచ్చేమండి," అన్నాడు. ఏడుపొచ్చేసింది నాకు. మావయ్య దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పాడు: "నేనొక వరస పాడతాను, ఆగుతాను. ఆగిన చోట నువ్వు జవాబు చెప్పాలి. మళ్ళీ అదే వరస పాడతాను, మళ్ళీ జవాబు. మూడోసారి మాట తిప్పుతాను. అంతేనమ్మా, ఇంకేం లేదు." అంతే అంటాడు గానీ ఎంత కష్టమో! వేళ్ళు మడిచి లెక్కపెట్టుకునేదాన్ని, అయినా ఎప్పుడూ ముందే దూకేసేదాన్ని. స్నేహని చూస్తే ఇప్పుడు నాకు జాలేస్తుంది. ఆ ఫోన్లో గిటారు వాయించేవాడు ఈ పిల్ల ఎంత తప్పు వాయించినా ఆగడు, ముఖం చిట్లించడు, చేతులు జోడించడు. వాడికి ఇది ఉన్నట్టే తెలీదు.

నాకు ఆగడం నేర్పింది మా మామ్మ. పెరటి వసారాలో కొబ్బరాకుల ఈనెలు చీల్చి చీపుర్లు కట్టుకుంటూ నా సాధనంతా వినేది. చెవులు సరిగ్గా వినపడవని మేమనుకునేవాళ్ళం. ఒకరోజు కత్తి కింద పెట్టి, "ఏటే అలాగ ఎడాపెడా లాగేత్తన్నావు? ఏడిసే మనిసికి ఊపిరాడద్దా?" అంది. వీధివైపు ఓసారి చూసుకుంది. నాన్నగారు స్కూల్లో ఉన్నారు. అప్పుడు చిన్నగొంతుతో, నాకు మాత్రమే వినపడేలా, మా తాతమీద శోకం ఎత్తుకుంది. "డప్పేమో మూలనుంది... దరువు ఏ ఊరెళ్ళిపోయిందయ్యో..." అని ఆగి, ఛాతీ లోపలికి ఒక్కసారి ఎగపీల్చింది. మళ్ళీ అదే మాట అంది. మళ్ళీ ఎగపీల్చింది. మూడోసారి, "దరువు నా గుండెల్లో దాసి నువ్వెళ్ళిపోయేవయ్యో..." అని మాట తిప్పింది. మావయ్య చెప్పిందంతా ఇదే! ఆ ఎగపీల్పు ఉన్నచోటే నా చోటు. "మామ్మా, ఇంకోసారి, ఇంకోసారి," అని కాళ్ళు పట్టుకున్నాను. "మీ నాన్నొచ్చే యేళయ్యింది. గమ్మునుండు," అని కత్తి అందుకుంది.

ఆ శనివారం నేను లెక్కపెట్టలేదు. మావయ్య పాడుతూంటే నోరు మూసుకుని కూర్చుని, ఆయన ఆపినచోట మామ్మలాగా లోపలికి పీల్చాను. సత్తిబాబు తలెత్తి చూశాడు, దరువు ఒక్క పిసరు నెమ్మది చేశాడు, నాకోసం. ఆ సంగతి తలుచుకుంటే ఈ వయసులో కూడా కడుపు నిండిపోతుంది నాకు. మనకోసం ముగ్గురు మనుషులు తమ ఊపిరి సర్దుకోవడమంటే చిన్న విషయమా! పాట అయ్యాక పేతురుగారు ఆ వారపు మాట మాట్లాడారు. "ఆయ్. ఇప్పుడు కుదిరిందండి," అన్నారు.

కుదిరిన నెలకే పొరుగూళ్ళో ఒకరి ఆదరణ కూడికకి బ్యాండుని పిలిచారు. మనిషి పోయిన మూడో రోజున, మిగిలినవాళ్ళని ఓదార్చడానికి చేసే ప్రార్థన అది. నేను వెళ్తానని నాన్నగారిని అడిగాను. ఆయన పరీక్ష పేపర్లు దిద్దుతున్నారు. కలం మూసి, "మళ్ళీ చావుకేనా?" అన్నారు. కోప్పడి ఉంటే పోట్లాడేదాన్ని. "నువ్వు చదువుకున్న దానివి, కాళ్ళకి తాళ్ళు కట్టలేను. కానీ నువ్వు వెళ్ళిన రోజు నేనీ ఇంట్లో ఉండనమ్మా. మా నాన్న వీధిలో నిలబడ్డం నేను చూశాను. నిన్ను కూడా చూడమనకు," అన్నారు. అమ్మ గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. నేను వెళ్ళలేదు. ఆ తరవాత కూడా ఏడాదిపాటు శనివారాలు సాధనకి వెళ్ళడం, బ్యాండు ఎక్కడికైనా బయల్దేరితే ఇంట్లో కూర్చోవడం. ఎంత కసిగా ఉండేదో చెప్పలేను. వండిన కూర వడ్డించకుండా మూత పెట్టమన్నట్టుండేది. నాన్నగారి మీద కోపం, ఆయన మాటలో న్యాయముందని మళ్ళీ నా మీద నాకే కోపం.

వానాకాలంలో మామ్మ పోయింది. ముందురోజు కూడా రెండు చీపుర్లు కట్టి, పొద్దున్నకి లేవలేదు. ఇల్లు నిండా జనం, ఒక్కరి గొంతూ లేవలేదు. మేనత్తలు రుమాళ్ళు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నాన్నగారు మడత నలగని చొక్కా వేసుకుని, వచ్చినవాళ్ళకి నమస్కారాలు చేస్తూ, గొయ్యి దగ్గర కూడా కంట తడి పెట్టకుండా నిలబడ్డారు. ఊరందరి చావులకీ ఏడ్చిన మనిషికి మా ఇంట ఏడిచే దిక్కు లేకపోయింది. మూడోనాడు మధ్యాహ్నం మా వాకిట్లోనే షామియానా వేసి ఆదరణ కూడిక పెట్టారు. పాస్టరుగారి వాక్యం అయ్యాక మావయ్యవాళ్ళు పాటకి లేచారు. మౌత్ ఆర్గాన్ నా కొంగులో ఉంది. నాన్నగారు ఇల్లు విడిచి వెళ్ళిపోతారేమోనని భయంగానే ఉంది. అయినా వెళ్ళి సత్తిబాబు పక్కన కూర్చున్నాను. అటు చూసే ధైర్యం మాత్రం చెయ్యలేదు.

మావయ్య గిటారు మొదలుపెట్టాడు, సత్తిబాబు నెమ్మదిగా దరువేశాడు. మావయ్య పాడాలి. నోరు తెరిచాడు, గొంతు రాలేదు. ఓడ దిగి వచ్చిననాడు ముందుగా అన్నం పెట్టింది మా మామ్మేగా ఆయనకి. పాట లేకుండానే వరస గడిచిపోయింది. జనం తలలెత్తారు. ఒకప్పుడైతే ఆ ఖాళీ అంతా నేనే నింపేసేదాన్ని. నింపలేదు. జవాబు చోటు వచ్చేదాకా ఆగి, మామ్మ ఎగపీల్చినట్టు పీల్చాను. రెండో వరసా ఖాళీగానే వచ్చింది. అప్పుడు ముందు వరసలోంచి ఒక గొంతు లేచింది. ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పిన గొంతు, ఎప్పుడూ పుస్తకంలా మాట్లాడే గొంతు, మామ్మ యాసలో. "మా కూటి కోసరవమ్మా... ఊరోళ్ళ పీనుగలకాడ ఏడిసేవు..." అని ఆగారు. నేను పీల్చాను. నా కళ్ళు కనపడ్డం లేదు. "మా కూటి కోసరవమ్మా... ఊరోళ్ళ పీనుగలకాడ ఏడిసేవు..." మళ్ళీ పీల్చాను. మూడోసారి ఆయన మాట తిప్పారు. "నీ కోసం ఏడిసే నోళ్ళు... నేనే కుట్టేసేనే అమ్మా..." ఆ తరవాత మేనత్తలు రుమాళ్ళు తీసేశారు. వాకిలంతా ఒకటే శోకం. పాస్టరుగారు పుస్తకం మూసుకుని తల దించుకున్నారు.

మర్నాడు పొద్దున్న చాపమీద ప్రార్థన మామూలే, ఇస్త్రీ మామూలే. ఆ సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మామ్మ పోయిన ఆరు నెలలకి, మా తాత పాలేరుగా చేసిన ఇంటి పెద్దాయన పోయారు. ఆయన కొడుకు, నాన్నగారి దగ్గరే ఎక్కాలు నేర్చుకున్నవాడు, మా ఇంటికి వచ్చాడు. "మాస్టారూ, మా నాన్నగారు మీ అమ్మగారి కూడికకి వచ్చేరు కదండీ. అప్పట్నుంచీ నాక్కూడా అలాగే వాయింపించండ్రా అంటానే ఉన్నారండి. పెద్దకర్మ నాడు అమ్మాయిగారిని పంపుతారేమోనని..." అని నసిగాడు. వంటింట్లో అమ్మ చేతిలో గరిటె చప్పుడు ఆగిపోయింది. ఇంకెవరి ఇల్లయినా ఒక దారి. నేను నాన్నగారి వైపు చూడలేక నేల చూపులు చూస్తున్నాను. ఆయన చొక్కా అంచు సరిచేసుకున్నారు. తరవాత, "అయిదు కుర్చీలు వేయించు బాబూ. వీధిలో కాదు, లోపల మండువాలో," అన్నారు. "ఆయ్, అలాగేనండి. మరి వాయించేది నలుగురే కదండీ?" అన్నాడతను. "అయిదు," అన్నారు నాన్నగారు.

ఈ కథ స్నేహకి చెబితే, "కుర్చీలో ఏముంది అమ్మమ్మా?" అంది. దాని హాస్టలు గదిలో ఆ పెద్దరైతు మునిమనవరాలు కూడా ఉందిట, ఇద్దరూ ఒకే మంచం మీద పడుకుని ఒకే ఫోన్లో నేర్చుకుంటారట. కుర్చీలో ఏముందని స్నేహ అనగలగడం కోసమే కదా మా నాన్నగారు జన్మంతా చొక్కా నలగకుండా బతికింది. సంతోషించాలి. సంతోషమే. అయినా ఒళ్ళు మండింది నాకు, నిజం చెబుతున్నాను.

ఆ పెద్దకర్మ నాడు మేం వెళ్ళేసరికి మండువాలో చాపలమీద బంధువులు కూర్చుని ఉన్నారు. స్తంభాల పక్కన వరసగా అయిదు కుర్చీలు వేసి ఉన్నాయి. మావయ్య, సత్తిబాబు, పేతురుగారు, నేను కూర్చున్నాం. నాన్నగారు గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగారు. వెనక్కి తిరిగి, వీధిలో ఎండ పడుతున్నచోటికి చూశారు. తరవాత లోపలికి వచ్చి అయిదో కుర్చీలో కూర్చుని, నాతో, "ఇక వాయించమ్మా," అన్నారు.